నాన్న తుపాకీ దాహం

ఆ ఏడు వానలు పట్టిన మొదటి ఆదివారం మా నాన్న తన తుపాకీని తానే అరెస్టు చేశాడు.

పాతికమంది సాక్షులున్నారు. యాచిమాతా వేరుశెనగ చేల వెనక మా దేవదారు అడవి ఉంది. ఆదివారాలు అందులో ఆడుకోవడానికి వచ్చేవాళ్ళే ఆ పాతికమంది. ఆటంటే యుద్ధమే, కాకపోతే పదిన్నరకి మొదలై పన్నెండున్నరకి భోజనానికి ఆగే యుద్ధం. తుపాకులు బ్యాటరీతో నడిచే బొమ్మ తుపాకులు. గుండ్లు బఠాణీ గింజంత తెల్ల పూసలు. కానీ ఆ పూస సెకనుకు తొంభై తొమ్మిది మీటర్ల వేగం అందుకుందంటే మా దేశంలో చట్టం దాన్ని బొమ్మ అనదు. అందుకని అడవిలోకి వెళ్ళే ప్రతి తుపాకీ ముందుగా బల్ల మీదున్న వేగం పెట్టెలోంచి ఐదు పూసలు కాల్చి చూపించాలి. పాసైతే పచ్చ టేపు, ఫెయిలైతే ఎర్ర టేపు.

ఇది అన్ని మైదానాల్లోనూ ఉన్నదే. మా దగ్గర ఒకటి అదనం. ఇంకొకరి తుపాకీ ముట్టుకోకముందు మైదానం యజమాని తన తుపాకీని పెట్టెకి పెట్టాలి. నియమం పెట్టింది మా నాన్నే. పదహారేళ్ళుగా ఆయన తుపాకీ ప్రతి ఆదివారం తొంభై నాలుగు చెప్పేది. ఐదుసార్లూ అటూ ఇటూ తొంభై నాలుగే. కొంతమంది దాన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవారు.

ఆ రోజు పెట్టె ఎనభై ఎనిమిది అంది. తర్వాత తొంభై ఏడు. డెబ్భై తొమ్మిది. తొంభై ఒకటి.

ఐదోది తొంభై తొమ్మిది పాయింట్ మూడు.

ఆకుల మీంచి కారుతున్న నీళ్ళు కూడా మర్యాదకి కాసేపు ఆగాయి. నాన్న ఎర్ర టేపు చింపి, తన తుపాకీ మూతికి చుట్టి, బల్ల కింద పెట్టి, "తర్వాతెవరు?" అన్నాడు.

వరసలో మొదట ఉన్నది నొగామిగారు. ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఆయన మాటకి మా మైదానంలో తిరుగులేదు.

"ఇషిగెగారూ, మిమ్మల్ని మీరే గెంటేసుకుంటే ఇంక మమ్మల్ని లోపలికి పంపేదెవరండీ?"

"పెట్టె పంపిస్తుంది. మీది పెట్టండి."

ఆ తర్వాత నాన్న మెల్లగా తల తిప్పి నా వైపు చూశాడు. పాతికమందీ ఆయనతోపాటు తలలు తిప్పారు.

వాళ్ళని తప్పుపట్టను. ఏప్రిల్లో అడవి మొదట్లో 'ఎలుగుబంటి తిరుగుతోంది' అని బోర్డు పాతింది నేనే. మా చిబా జిల్లాలో ఎలుగుబంట్లు లేవని బడిపిల్లలకి కూడా తెలుసు. అయినా పదకొండుమంది కార్లెక్కేశారు. అందులో ఒకాయన జంతుశాస్త్రం మాస్టారు. మే నెలలో నాన్న బూటులో రబ్బరు కప్పని పడుకోబెట్టిందీ నేనే. నాన్న దాన్ని సాక్ష్యం కింద జప్తు చేసి తన సొరుగులో పెట్టుకున్నాడు. యాభై ఆరేళ్ళ జీవితంలో ఆయన ఒక్క జోకు వేసినట్టు ఎక్కడా దాఖలా లేదు.

మామూలు రోజుల్లో అయితే అలాంటి చూపులు నాకు పూలదండలు. ఆ వానాకాలం మాత్రం కాదు. నాన్న మోకాలు అరిగిపోయింది. వానలు ఆగిన మొదటి ఆదివారం నుంచి ఆయన బల్ల దగ్గరే కూర్చుంటాడు. అడవిలో పరిగెత్తే రెఫరీ పసుపు చొక్కా ఇంకొకరికి ఇచ్చేస్తాడు. పన్నెండేళ్ళప్పటి నుంచి ఈ లోకంలో నాకు కావలసింది ఆ చొక్కా ఒక్కటే. ఇప్పుడు పంతొమ్మిది.

మా ఆటలో పూస తగిలితే రంగంటదు, మచ్చ పడదు. తగిలినవాడే చెయ్యెత్తి "హిట్" అని అరిచి బయటికి నడవాలి. ఎవరూ చూడకపోయినా సరే. తగిలినా తగలనట్టు తిరిగేవాణ్ణి జాంబీ అంటాం. వాడి పక్కన కూర్చుని ఎవరూ అన్నం కూడా తినరు. ఆటంతా మాట మీద నడుస్తుంది. రెఫరీ ఆ మాటకి కాపలా.

ఆ సాయంత్రం వంటింట్లో నాన్న మోకాలికి పట్టీ వేసుకుంటున్నాడు. నాన్నమ్మ పొయ్యి పక్కన కూర్చుని కత్తులు తుడుస్తోంది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. ఆదివారం వచ్చినవాళ్ళందరికీ కూర అన్నం వండిపెట్టేది ఆమే. వానాకాలం వచ్చిందంటే రోజూ, కడిగిన కత్తులకి త్సుబాకి పూలచెట్టు గింజల నూనె రాస్తుంది.

"నేను ముట్టుకోలేదు నాన్నా."

"ఎలుగుబంటి బోర్డు కూడా ముట్టుకోలేదన్నావు."

"అదీ నిజమే. చేతులకి గ్లౌజులున్నాయి."

నాన్న పట్టీ బిగించాడు. "మిహారూ, ఇలా మాట్లాడేదాని చేతికి విజిలెట్లా ఇస్తాను చెప్పు. అడవిలో నువ్వు తగిలింది అంటే తగిలిందనుకోవాలా, తగల్లేదనుకోవాలా?"

"తగిలిందనుకోవాలి."

"నొగామిగారంటే అనుకుంటారు."

అదీ సంగతి. గుమ్మడికాయల దొంగెవరంటే మా ఇంట్లో నేను భుజాలు తడుముకోనక్కర్లేదు. ఊరు ఊరంతా వచ్చి నా భుజాలే తడుముతుంది.

"ఎందుకలా అయిందో నేను కనిపెడితే?"

"కనిపెట్టు. వానలు పోయేలోపు. ఒకసారికి ఒక్కటే మార్చు. ప్రతిదీ రాసిపెట్టు."

"వానల్లో ఇనుముకి దాహమేస్తుంది తల్లీ," అంది నాన్నమ్మ. ఏ కత్తి తుడిచినా ఆమె ఆ మాట అంటుంది కాబట్టి మేమిద్దరం వినిపించుకోలేదు.

తుపాకీ అంతకుముందు షెడ్డులో ఉండేది. ఈ ఏడు షెడ్డు కప్పు కారడం మొదలుపెట్టాక దాన్ని వంటింటి పక్క వసారాలో చెక్కస్టాండుకి మార్చాం, మూతి పైకి పెట్టి. రోజూ పొద్దున్నే దాన్ని అక్కడి నుంచి పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని.

వాన ఆగలేదు. మూడో రోజుకి షెడ్డు గోడలకి నాచు పట్టింది. వారానికి నాచులో పుట్టగొడుగులు మొలిచాయి. రెండోవారం వాటిలో పెద్దది నన్ను పేరుపెట్టి పిలుస్తోందని నాన్నమ్మతో చెబితే, "పిలిస్తే పలకవే, పెద్దదేగా," అంది.

మొదట బ్యాటరీని అనుమానించాను. కొత్తది పెట్టాను. ఎనభై రెండు, తొంభై ఎనిమిది, డెబ్భై ఏడు. బ్యాటరీ నిర్దోషి. వైర్ల కీళ్ళు విప్పి గీకి మళ్ళీ బిగించాను. అవీ నిర్దోషులే.

తర్వాత పూసలు. మా అడవిలో మట్టిలో కరిగిపోయే రకం పూసలే వాడాలి. ఆ రకానికి చెమ్మ తగిలితే ఉబ్బుతాయి. సీలు తియ్యని కొత్త సంచీ తెచ్చి, ఇరవై పూసల్ని ఒక్కొక్కటీ కొలిచాను. మిలిటరీలో చేర్చుకోవచ్చు వాటిని, అంత సమంగా ఉన్నాయి. కాలిస్తే మళ్ళీ అదే పాట.

తర్వాత గాలి. లోపల పిస్టన్ గాలిని తోస్తే పూస ఎగురుతుంది. ఎక్కడైనా కారుతుంటే వేగం పడిపోతుంది. గాలి గొట్టానికి వేలు అడ్డం పెట్టి ట్రిగ్గరు నొక్కాను. చుక్క కారడం లేదు. నా వేలి మీద మాత్రం గుండ్రటి ముద్ర పడింది. నాలుగు రోజులుంది. అందరికీ చూపించాను.

బుధవారం నొగామిగారు గొడుగేసుకుని విచారణ చూడ్డానికొచ్చారు.

"ఏమ్మాయ్, ముద్దాయి దొరికాడా?"

"ముద్దాయిని నేనే అనుకుంటున్నారుగా. అసలువాణ్ణి వెతుకుతున్నాను."

"నువ్వు కాదంటావు."

"కాదంటాను."

"సరే మరి," అన్నారాయన. ఆ సరేలో నమ్మకం ఉందో లేదో పుట్టగొడుగులకి కూడా అర్థం కాలేదు.

నేను కడ్డీకి మెత్తటి కాగితం చుట్టి తుపాకీ గొట్టం లోపల తుడిచాను. కాస్త జిడ్డొచ్చింది. తుపాకీ అన్నాక కాస్త జిడ్డుంటుందిలే అని కాగితం పక్కన పడేశాను. నొగామిగారు చూసుకోకుండా దాంతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఒక్కసారిగా లోకం మసకబారింది ఆయనకి.

"ఇదేంటమ్మాయ్, మా ఆవిడ జడ వాసనొస్తోంది?"

నొగామిగారికి ఏది చూసినా వాళ్ళావిడే గుర్తొస్తుంది. ఒకసారి ట్రాక్టరుని చూసి కూడా గుర్తుచేసుకున్నారు. నేను పట్టించుకోలేదు. ఆ వానాకాలం మొత్తంలో నేను చేసిన తప్పు అదొక్కటే. కాకపోతే అదే అసలుది.

మూడోవారానికి నోటుబుక్కులో ఒక వరస కనబడింది. పొద్దున చెడ్డగా ఉంటుంది. మూడొందల పూసలు కాల్చాక, మధ్యాహ్నానికి, దానంతటదే బాగైపోతుంది. మర్నాడు పొద్దున మళ్ళీ చెడ్డగా ఉంటుంది. అంటే చెడిపోయేది కాలుస్తున్నప్పుడు కాదు, ఊరికే నిలబడి ఉన్నప్పుడు.

చెమ్మే అనుకుని, తుపాకీని వసారాలోంచి నా గదికి తెచ్చేశాను. మర్నాడు నాన్న ఎదురుగా ఐదు కాల్చాను. తొంభై నాలుగు, తొంభై నాలుగు, తొంభై మూడు, తొంభై నాలుగు, తొంభై నాలుగు.

"చూశావా?" అన్నాను.

"చూశాను. నీ దగ్గరుంటే బాగుంటోంది, నా స్టాండులో ఉంటే పాడవుతోంది. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది?"

"నేను మంచిదాన్నని."

"ఇంకోటి కూడా తెలుస్తోంది," అన్నాడు నాన్న. "మళ్ళీ స్టాండులో పెట్టు."

పెట్టాను. మర్నాడు పొద్దున డెబ్భై ఆరు. తొంభై ఎనిమిది. ఎనభై. నా దగ్గర మాత్రమే బాగుంటోందంటే పాడుచేస్తున్నదీ నేనేననుకుంటారు; తవ్విన గోతిలో నేనే పడ్డానని నాకప్పుడర్థమైంది. నిజం చెబుతున్నదాని చేతిలో రుజువులన్నీ అబద్ధమే చెబుతున్నాయి.

ఇక తుపాకీని పూర్తిగా విప్పేశాను. షెడ్డులో బల్ల మీద, ఒక్కొక్క ముక్కా వరసగా పేర్చి. గొట్టం మొదట్లో గోరంత రబ్బరు తొడుగుంటుంది. పూస దాన్ని రాసుకుంటూ వెళ్ళి, వెనక్కి తిరుగుతూ ఎగురుతుంది. ఆ తిరుగుడు వల్లే తిన్నగా పోతుంది. రబ్బరు పొడిగా ఉండి పూసని పట్టుకోవాలి. పట్టు తప్పిందా, ఒక పూస కొంగలా లేస్తుంది, ఇంకోటి తడిసిన నూడిల్‌లా వాలిపోతుంది. పెట్టెలో అంకెలు చెట్లెక్కుతాయి.

రబ్బరు బయటికి తీశాను. నూనెలో మునిగి తేలింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ట్రాక్టరు వాసన రాలేదు గాని, నొగామిగారి ఆవిడ జడ వాసన వచ్చింది. మా ఇంట్లో కూడా ఒక జడకి ఆ వాసన ఉంది. తెల్ల జడ. ఆరు కత్తులకీ ఉంది.

సామాను బిగించి తుపాకీని స్టాండులో పెట్టి, వసారా చివర బియ్యం డబ్బా మీద కూర్చున్నాను. మధ్యాహ్నం గిన్నెలైపోయాక నాన్నమ్మ సీసా తీసింది. ఒకటి, రెండు, ఆరు కత్తులూ తుడిచింది. తర్వాత లేచి వసారాలోకి వచ్చి, తుపాకీని పై నుంచి కింది దాకా పసివాడికి స్నానమయ్యాక తుడిచినట్టు తుడిచింది. ఆఖర్న సీసా వంచి, మూతిలో రెండు చుక్కలు వేసింది.

"తాగు నాయనా," అంది.

బియ్యం డబ్బా మీంచి లేచాను. "నాన్నమ్మా, ఇది ఎన్నాళ్ళ నుంచి?"

ఆమె ఉలిక్కిపడలేదు. "కప్పు కారి ఇక్కడికి తెచ్చినప్పటి నుంచి. షెడ్డులో ఉన్నన్నాళ్ళూ వాడే చూసుకున్నాడు. ఇప్పుడు వాడి మోకాలు చూడు. దీన్ని పట్టించుకునే ఓపికెక్కడిది? మొన్న ఎర్ర గుడ్డేదో కట్టి బల్ల కింద పడేశాడు కూడానూ." సీసాకి బిరడా పెట్టింది. "మీ నాన్నకి చెప్పకేం. అమ్మ చేత పని చేయిస్తున్నానని బాధపడతాడు."

"చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఒట్టేశాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. కారణం దొరికింది. కారణం పేరు చెప్పే నోరు మాత్రం ఇచ్చేసుకున్నాను.

సాయంత్రం రబ్బరు పారేసి కొత్తది వేశాను. గొట్టాన్ని ఏడుసార్లు తుడిచాను, ఏడో కాగితం వాసన చూసి మరీ. కత్తులకి నూనె కావాలి, కాబట్టి సీసా దాచలేను. తుపాకీ మూతికి బిగుతైన మూత పెట్టి నాన్నమ్మ దగ్గరికెళ్ళాను.

"నాన్నమ్మా, తుపాకీకి డాక్టరు పథ్యం పెట్టాడు. నూనె మానెయ్యమన్నాడు."

"ఏ డాక్టరే?"

"తుపాకీల డాక్టరు."

"ఎక్కడుంటాడు?"

"ఇదిగో, నీ ఎదురుగానే."

ఆమె నా మొహం చాలాసేపు చూసింది. తర్వాత స్టాండు వైపు చూసింది. ఆ రోజు ఆరు కత్తులూ తుడిచి, బిరడా మామూలుకంటే గట్టిగా నొక్కి పెట్టింది.

జులై మూడోవారం వానాకాలం అయిపోయిందని రేడియోలో చెప్పారు. చెప్పిన పది నిమిషాలకి అడవిలో కీచురాళ్ళన్నీ ఒక్కసారిగా మొదలెట్టాయి. అవి కూడా రేడియో వింటాయని నా అనుమానం. ఆదివారం నలభైమంది వచ్చారు. పసుపు చొక్కా బల్ల వెనక మేకుకి వేలాడుతోంది. నొగామిగారు బూట్లు పాలిష్ చేయించుకొచ్చారు.

నాన్న తుపాకీ పెట్టెకి పెట్టాడు.

తొంభై నాలుగు. తొంభై నాలుగు. తొంభై మూడు. తొంభై నాలుగు. తొంభై నాలుగు.

ఎవరో చప్పట్లు కొట్టబోయి, నాన్న మొహం చూసి చేతులు జేబులో పెట్టుకున్నారు. నాన్న పచ్చ టేపు చుట్టి నా వైపు తిరిగాడు.

"ఏమైంది దీనికి?"

"లోపల రబ్బరు మీద నూనె పడింది. పొద్దున పట్టు ఉండేది కాదు. మూడొందల పూసలు కాలిస్తే నూనె వాటికంటుకుపోయి మధ్యాహ్నానికి బాగయ్యేది. కొత్త రబ్బరు వేశాను. ఇంక కాదు."

"రోజూ పడేదా?"

"రోజూ."

"రోజూ దానంతటదే పడదు. ఎవరు పోశారు?"

"చెప్పను."

"ఎందుకు?"

"మాటిచ్చాను."

నలభైమంది ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. వాళ్ళ మొహాల్లో ఎలుగుబంటి బోర్డు స్పష్టంగా కనిపిస్తోంది.

"నువ్వేనా?" అన్నాడు నాన్న.

నేనే అనడం చాలా తేలిక. నలభైమందీ క్షణంలో నమ్మేస్తారు, ఒకరిద్దరు మెచ్చుకుంటారు కూడా. నాన్నమ్మ పేరు బయటికి రాదు, నవ్వేసి భోజనానికి పోవచ్చు. చొక్కా ఒక్కటే పోతుంది. కానీ తగలని దెబ్బకి చెయ్యెత్తేవాడు కూడా జాంబీతో సమానమే. అది నాకు చెప్పింది కూడా నాన్నే, నా పన్నెండో ఏట.

"నేను కాదు," అన్నాను.

నాన్న నన్ను చూశాడు. పెట్టెలో అంకెలు చదివినట్టు, తొందర లేకుండా, ఒక్కోటీ చదివాడు.

"సరే," అన్నాడు.

వెనక్కి తిరిగి మేకు నుంచి చొక్కా తీసి నా చేతిలో పెట్టాడు. "తొందరగా వేసుకో. పదిన్నరకి మొదటి ఆట."

అంతే. నేను మనసులో సిద్ధం చేసుకున్న ఉపన్యాసం ఇరవై నిమిషాలది. ఇవాళ్టికీ నా దగ్గర అలాగే ఉంది.

"హిట్."

వంటింటి కిటికీలోంచి వచ్చిందా మాట. అందరూ చూశారు. నాన్నమ్మ కూర గరిటె పట్టుకున్న చెయ్యి నిటారుగా పైకెత్తి నిలబడింది. గరిటె లోంచి బంగాళాదుంప ముక్క ఒకటి జారి కింద పడింది.

"నూనె పోసింది నేనేరా," అంది నాన్నతో. "కత్తులకి పోసినట్టే పోశాను. పిల్ల ఎవరికీ చెప్పనని నాకు ఒట్టేసింది. తర్వాత పథ్యం అంది. డాక్టరుని నేనే అన్నప్పుడే నాకర్థమైంది."

నొగామిగారు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "నేను ఆ రోజే చెప్పానా లేదా? జడ అని?"

నాన్న కిటికీ దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళాడు. "అమ్మా, హిట్టైనవాళ్ళు మైదానం బయటికెళ్ళాలి."

"కూర మాడిపోతుంది. అయ్యాక వెళ్తాలే."

నాన్న తలూపాడు. ఆమె చేతిలో గరిటె తీసుకుని పక్కన పెట్టి, ఆ చేతిని కిందికి దించి, అలాగే కాసేపు పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి వసారాలో ఏడో కత్తి ఒకటి చేరింది. దానితో ఏమీ కొయ్యరు. నాన్నమ్మకి రోజూ తుడవడానికి ఉండాలని నాన్న తెచ్చి స్టాండులో తుపాకీ పక్కన పెట్టాడు.

పదిన్నరకి రెండు జట్లూ చెరో వైపు చెట్ల మధ్య నిలబడ్డాయి. నేను మధ్యలో, పసుపు చొక్కాలో, నా జీవితంలో ఎన్నడూ లేనంత గంభీరంగా నిలబడ్డాను. దేవదారు చెట్లు కూడా నన్ను చూసి కాస్త సర్దుకున్నట్టనిపించింది. విజిల్ కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాను.

చల్లగా, మెత్తగా, నాలుగు కాళ్ళతో ఏదో తగిలింది.

నా గొంతులోంచి వచ్చిన కేకకి పక్క వేరుశెనగ చేలో పక్షులన్నీ లేచాయి. నలభైమందీ తుపాకులు దించి నా వైపు చూస్తున్నారు. నా చేతిలో మే నెలలో జప్తైన రబ్బరు కప్ప.

చొక్కా పొద్దుటి నుంచీ మేకు మీదే ఉంది. నాన్న తీసి నాకిచ్చేదాకా ఎవరూ దాని దగ్గరికి వెళ్ళలేదు. అంటే ఐదు పూసలు కాల్చకముందే, నన్ను ఏమీ అడక్కముందే, కప్ప జేబులోకి చేరింది.

బల్ల దగ్గర నాన్న కుర్చీలో వెనక్కి వాలి, మబ్బు ముక్క కూడా లేని ఆకాశాన్ని చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు.

నేను కుడిచెయ్యి పైకెత్తాను.

"హిట్," అన్నాను.